చార్టులో చర్మం బాగానే ఉంది: ఒక నర్సింగ్ హోమ్ కేసు

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో చేసి, ఇప్పుడు లీగల్ నర్స్ కన్సల్టెంట్‌గా ఉన్నాను. లాయర్ల కోసమో, ఒక్కోసారి నేరుగా కుటుంబాల కోసమో మెడికల్ రికార్డులు చదివి, ఎప్పుడు ఏం జరిగింది, ఏం జరగాల్సింది, ఏది జరగలేదు అన్నది విడదీసి చెప్పడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఇందులో ఎవరైనా ఆ పెద్దావిడ మీద చెయ్యి చేసుకున్నట్టు రుజువు లేదు, వీడియో లేదు, సాక్షి లేడు. అయినా బాధ్యత తేలింది, అది కూడా ఆ హోమ్ వాళ్ళు తమ చేత్తో రాసుకున్న కాగితాలతోనే. మనవాళ్ళలో చాలామంది అబ్యూజ్ అంటే చెంపదెబ్బే అనుకుంటారు. అది కంటపడకపోతే "వయసు మీద పడింది, అంతేలే" అని సర్దుకుపోతారు. ఫెడరల్ నిబంధనల్లో మాత్రం (42 సీఎఫ్ఆర్ 483.12) అబ్యూజ్, నెగ్లెక్ట్ (నిర్లక్ష్యం) రెండూ ఒకే చోట ఉంటాయి. నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఎక్కువ భాగం రెండో రకానివే.

ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం అన్నవి చెప్పను. కుటుంబం గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను. వైద్యం, చట్టం వైపు విషయాలు మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

పెద్దావిడకి ఎనభై దాటాయి. భర్త పోయాక గ్రీన్ కార్డు మీద కూతురు దగ్గరికి వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. షుగరు, గుండె లయ తప్పడం వల్ల రక్తం పలచబడే మందు, ఓ మోస్తరు డిమెన్షియా. ఇక్కడికొచ్చాక నేర్చుకున్న కాస్త ఇంగ్లిష్ డిమెన్షియాతో పాటే జారిపోయింది, తెలుగు మాత్రం శుభ్రంగా మాట్లాడుతుంది. ఇంట్లో పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రిహాబ్ కోసం నర్సింగ్ హోమ్‌కి పంపారు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఒక్కో విడతకి 100 రోజులకి మించి ఇవ్వదు, మొదటి 20 రోజులు పోతే అందులోనూ మనం కొంత కట్టుకోవాలి. ఆవిడ నడక తిరిగి రాలేదు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులు, చిన్న పిల్లలు. దాంతో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ బీమా) మీద అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

అమ్మని హోమ్‌లో పెట్టామన్న అపరాధ భావం ఈ కేసులో కొంత పని చేసింది, అందుకే చెబుతున్నాను. బంధువులకి "రిహాబ్‌లో ఉంది" అనే చెప్పుకుంటూ వచ్చారు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని ఎవర్నీ సలహా అడగలేదు, చూడటానికి వస్తామన్న స్నేహితుల్ని కూడా వద్దన్నారు. వచ్చిపోయే మనుషులు తక్కువగా ఉన్న మంచాన్ని సిబ్బంది కూడా తక్కువగానే పట్టించుకుంటారు. చేదుగా ఉన్నా నిజం.

హోమ్‌ని ఎంచుకున్నది మెడికేర్ వారి కేర్ కంపేర్ సైట్‌లో నాలుగు స్టార్లు చూసి. ఆ స్టార్లు మూడు ముక్కల కలయిక: తనిఖీలు, సిబ్బంది, క్వాలిటీ కొలతలు. మూడో దాంట్లో చాలా అంకెలు హోమ్ తన గురించి తాను పంపుకునే అసెస్‌మెంట్ల నుంచే వస్తాయి. అందుకే మొత్తం స్టార్ల కంటే తనిఖీ రిపోర్టులు తెరిచి చదవమని అడిగినవాళ్ళందరికీ చెబుతాను. అబ్యూజ్ కింద తప్పు పట్టిన హోమ్‌ల పక్కన ఎర్రటి వలయంలో చెయ్యి గుర్తు పెట్టడం 2019 అక్టోబరులో మొదలైంది. ఈ హోమ్ పక్కన ఆ గుర్తు లేదు.

నా దగ్గరికి వచ్చేటప్పటికి

కూతురు ఫోన్ చేసి మొదట చెప్పిన మాట, "అమ్మ మాట్లాడటం మానేసిందండీ." ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పగలంతా నిద్ర, ముద్ద నోట్లో పెడితే అలాగే పెట్టుకుని ఉండటం, బట్టలు వేలాడుతుండటం, రెండు చేతుల పైభాగంలో లోపలి వైపు కమిలిన మచ్చలు, దుప్పటి తీయబోతే బిగుసుకుపోవడం. "డిమెన్షియా ముదిరిందని వాళ్ళంటున్నారు. అంతేనేమో, నాకేమీ తెలియట్లేదు."

అంతే అయ్యుండొచ్చు కూడా. ఇక్కడ తొందరపడకూడదు. ముసలివాళ్ళు ఉన్నట్టుండి మందకొడిగా అయితే ఇన్ఫెక్షన్, డిప్రెషన్, కొత్త మందు, నొప్పి, నీళ్ళు తక్కువ కావడం, అన్నీ వరసలో ఉంటాయి. మామూలుగా డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద దిగజారుతుంది. కొన్ని వారాల్లో మనిషి మారిపోతే మరో కారణం ఉందనుకునే వెతకాలి. కమిలిన మచ్చల మీద నేను బరువు పెట్టలేదు. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్ళకి కాస్త గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది, రంగుని బట్టి మచ్చ ఎన్నాళ్ళదో చెప్పడమూ కుదరదు. రెండు చేతులకీ ఒకే చోట, వేళ్ళ ఆకారంలో ఉంటే గట్టిగా పట్టి లేపారనే అనుమానం బలపడుతుంది, కాదనను. కానీ మచ్చల మీద నిలబెట్టిన కేసుని ఆ మందు పేరు ఒక్కటి చెప్పి పడగొట్టొచ్చు.

అందుకని ఆవిడ్ని మూడు విషయాలు కనుక్కోమన్నాను. చేరినప్పటి నుంచి బరువు వివరాలు, ఇప్పుడిస్తున్న మందుల జాబితా, మూడోది నర్సు ఎదురుగా అమ్మని పక్కకి తిప్పించి నడుం కిందా మడమలూ చూడటం. మనవాళ్ళు ఈ మూడోది చెయ్యరు. అమ్మ ఒళ్ళు తీసి చూడాలంటే మొహమాటం, అందులో కొడుకులైతే మరీ.

ఆ సాయంత్రం కూతురు వెళ్ళి అడిగితే నర్సు అన్నది, "ఇప్పుడు నిద్రపోతున్నారు, డ్రెస్సింగ్ నిన్ననే మార్చాం."

ఏ డ్రెస్సింగ్? అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ పుండు ఉన్నట్టే తెలియదు. పరిస్థితి గణనీయంగా మారినా, చికిత్స పెద్దగా మార్చాల్సి వచ్చినా, రోగి తరఫు వాళ్ళకి చెప్పి తీరాలని అవే ఫెడరల్ నిబంధనల్లోని 483.10 చెబుతుంది. కూతురు పట్టుబట్టి తిప్పించింది. దుప్పటి తియ్యగానే వాసన వచ్చింది. వెన్నెముక చివర అరచేతి పాటి నల్లటి పొర, చుట్టూ ఎర్రగా, ఎడమ మడమ ముదురు ఊదా రంగులో. ఫొటో తీసి నాకు పంపింది. ఒంట్లో వేడి కూడా ఉందంది. అప్పుడు నేనన్నది ఒకటే మాట, ఆసుపత్రికి పంపమని ఇప్పుడే అడగండి, సాగదీస్తే మీరే 911కి చెయ్యండి. ఆ రాత్రే ఈఆర్‌కి (ఆసుపత్రి అత్యవసర విభాగానికి) తీసుకెళ్ళారు.

అప్పటిదాకా చేసినవి

ఈ ఫోన్‌కి ముందే కుటుంబం ఊరుకోలేదు, పాపం. తోచింది చేస్తూనే వచ్చారు. కూతురు పండగకీ పబ్బానికీ సిబ్బందికి స్వీట్లు, గిఫ్ట్ కార్డులు తీసుకెళ్ళేది, అమ్మని బాగా చూస్తారని. కొడుకు వేరే రాష్ట్రం నుంచి "వాళ్ళతో గొడవెందుకే, అమ్మ వాళ్ళ చేతుల్లోనే కదా ఉంది" అనేవాడు. కక్ష కడతారన్న భయం ఉత్తిదేం కాదు, దానికి విరుగుడుగానే చట్టం ప్రతీకారాన్ని నిషేధించింది. ఆ సంగతి వీళ్ళకి తెలియదు. నర్సుతో, ఆ పైన డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌తో ఎన్నోసార్లు నోటిమాటగా చెప్పారు, ప్రతిసారీ "చూసుకుంటాం" అన్నారు. తర్వాత రికార్డుల్లో వెతికితే ఆ మాటల్లో ఒక్కటీ లేదు. నోటితో చెప్పింది అక్కడితోనే పోయింది.

రాష్ట్ర ఆరోగ్య శాఖ హాట్‌లైన్‌కి ఒక ఫిర్యాదు కూడా ఇచ్చారు. దాని సారాంశం "మా అమ్మని సరిగ్గా చూసుకోవడం లేదు, బక్కచిక్కిపోయింది, ఎవరూ పట్టించుకోరు." కొన్ని వారాలకి జవాబు వచ్చింది: నిర్ధారణ కాలేదు. కుటుంబం దీన్ని "హోమ్ వాళ్ళకి క్లీన్ చిట్ ఇచ్చారు" అని అర్థం చేసుకుని డీలా పడిపోయింది. తనిఖీకి వచ్చే సర్వేయర్ వైపు నుంచి చూడండి. తేదీ లేదు, షిఫ్టు లేదు, ఏ గదిలో ఏం జరిగిందో లేదు. వాళ్ళు చేయగలిగింది చార్టు తిప్పి చూడటం. చార్టులో అన్నీ భేషుగ్గా ఉన్నాయి.

కొడుకు కోపంతో ఆన్‌లైన్‌లో ఒక రివ్యూ రాశాడు, సిబ్బంది పేర్లతో సహా. దాంతో హోమ్ మేనేజ్‌మెంట్ మాట్లాడటం మానేసి, అన్నీ కార్పొరేట్ ఆఫీసు ద్వారానే అంది. అంతకు మించి జరిగిందేమీ లేదు.

కెమెరా గురించి కూడా అనుకున్నారు. టెక్సాస్, ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో గదిలో కెమెరా పెట్టుకునే హక్కుని, దాని షరతుల్ని చట్టమే చెబుతుంది. పక్క మంచం వాళ్ళ అంగీకారం కావాలి, గది బయట నోటీసు పెట్టాలి, ఇలా. వీళ్ళ రాష్ట్రంలో అప్పటికి అలాంటి చట్టం లేదు, పక్క మంచం వాళ్ళు ఒప్పుకోలేదు. పైగా మాటలు రికార్డు చేయాలంటే అందరి అనుమతీ ఉండాలనే రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి, దొంగచాటుగా పెడితే మనమే ఇరుక్కునే పరిస్థితి. వదిలేశారు, మంచిదే అయింది.

ఆసుపత్రిలో తీసుకున్న నిర్ణయాలు

ఈఆర్‌లో పుండుని స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీశారు, కొలతలు రాశారు, "చేరేటప్పటికే ఉంది" అని నమోదు చేశారు. ఈ చివరి ముక్క విలువ బయటివాళ్ళకి తెలియదు. ఆసుపత్రిలో ఉండగా వచ్చిన 3, 4 దశల బెడ్‌సోర్‌లకి (కదలకుండా పడుకోవడం వల్ల ఒత్తిడికి పడే పుండ్లకి) మెడికేర్ 2008 అక్టోబరు నుంచి అదనపు డబ్బు ఇవ్వడం లేదు. కాబట్టి పుండు తమ దగ్గర పుట్టింది కాదని రాసుకోవడం ఆసుపత్రికే అవసరం. మనం బతిమాలకుండానే జాగ్రత్తగా రాస్తారు. నల్లపొర కింద లోతు తెలియదు గనక మొదట "దశ చెప్పలేం" అన్నారు. సర్జన్ చచ్చిన కండని తీసేశాక ఎముక కనపడింది, అంటే 4వ దశ. రక్తంలో సోడియం ఎక్కువ, ఒంట్లో నీళ్ళు లేవు, ఇన్ఫెక్షన్.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. తిరిగి అదే హోమ్‌కి పంపాలా? కొడుకు వాదన, అక్కడే ఉంటే సాక్ష్యం సేకరించొచ్చు, బయటికొస్తే దాచేస్తారు. నేను గట్టిగా వద్దన్నాను. గడిచిన నెలల సాక్ష్యం అప్పటికే చార్టులోనూ కంప్యూటర్ సర్వర్లోనూ ఉంది, ఆవిడ ఆ మంచం మీద లేకపోయినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. పుండు మానాలంటే తిప్పేవాళ్ళు కావాలి, తిండి కావాలి. ఆసుపత్రి డిశ్చార్జ్ ప్లానర్‌తో మాట్లాడి, పుండ్ల నర్సు ఉండే వేరే చోటు వెతికించాం. దూరం పెరిగింది, కూతురికి రోజూ వెళ్ళడం కుదరలేదు. అయినా అదే సరైన బేరం అని ఇప్పటికీ అనుకుంటాను.

కాగితాలు ఏం చెప్పాయి

రికార్డులు అడిగితే హోమ్ వాళ్ళు "హిపా (రోగి సమాచార గోప్యత చట్టం) ప్రకారం 30 రోజులు" అన్నారు. ఆసుపత్రులకి సాధారణంగా ఆ మాట సరే. నర్సింగ్ హోమ్‌లకి వేరే నిబంధన ఉంది. అడిగిన 24 గంటల్లో (వారాంతాలు, సెలవులు పోను) చూడనివ్వాలి, కాపీలకి రెండు పనిదినాల ముందు చెబితే చాలు. 483.10(జి)(2) అని నంబరుతో సహా రాసి, కూతురి పేరున ఉన్న హెల్త్ కేర్ పవర్ ఆఫ్ అటార్నీ జతచేసి మళ్ళీ పంపాం. కదిలారు. మొదటి కట్టలో డాక్టర్ నోట్సు, ల్యాబులే వచ్చాయి. నాకు కావాల్సింది రోజువారీ సంరక్షణ షీట్లు, మందులిచ్చిన రికార్డు, చికిత్స రికార్డు, బరువులు, చర్మ పరీక్షలు, కేర్ ప్లాన్లు, ఎండీఎస్ అసెస్‌మెంట్లు (ప్రతి రోగి గురించీ హోమ్ నింపి ప్రభుత్వానికి పంపే ఫారాలు). పేరుపేరునా రాసి అడిగితేనే వచ్చాయి.

చదవడానికి నాకొక పద్ధతి ఉంది. డాక్టర్ నోట్సు చివరికి వదిలేసి, అంకెలున్నవన్నీ ముందు తేదీల వారీగా పక్కపక్కన పెట్టుకుంటాను. ఈ ఫైల్లో బరువు మూడు నెలల్లో 128 పౌండ్ల నుంచి 113కి దిగింది, దాదాపు 12 శాతం. మూడు నెలల్లో 7.5 శాతం పోతేనే గణనీయం అంటారు తనిఖీ మార్గదర్శకాల్లో. అవే రోజుల భోజనం షీట్‌లో పూటపూటకీ "75 శాతం తిన్నారు". తిన్నది ఎక్కడికి పోయిందో మరి!

చేరిన వారంలో బ్రేడెన్ స్కోరు (బెడ్‌సోర్ వచ్చే ప్రమాదాన్ని కొలిచేది, ఎంత తక్కువైతే అంత ప్రమాదం) 12 వేశారు. 12 అంటే బెడ్‌సోర్ ప్రమాదం ఎక్కువ అని వాళ్ళే చెప్పినట్టు. కేర్ ప్లాన్‌లో దానికి ఎదురుగా ఉన్నది "తిరగమని ప్రోత్సహించాలి" అన్న వాక్యం. తుంటి విరిగి, డిమెన్షియా ఉండి, ఇంగ్లిష్ రాని మనిషిని ఇంగ్లిష్‌లో ప్రోత్సహించాలట. ప్రత్యేకమైన పరుపు లేదు, మడమల కింద దిండు లేదు. రెండు గంటలకోసారి తిప్పినట్టు టిక్కులు మాత్రం ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆసుపత్రికి వెళ్ళడానికి రెండు రోజుల ముందు వారపు చర్మ పరీక్షలో "చర్మం బాగానే ఉంది, గాయాలు లేవు". చికిత్స రికార్డు తిరగేస్తే అంతకు వారం ముందు నుంచే నడుం కింద ఫోమ్ డ్రెస్సింగ్ వేస్తున్నట్టు సంతకాలు. ఒకే బిల్డింగు, ఒకే మనిషి, రెండు కాగితాలు. ఇక ఆవిడ ఈఆర్‌లో స్ట్రెచర్ మీద ఉన్న రాత్రి, తెల్లారేదాకా, హోమ్ షీట్‌లో పన్నెండింటికీ రెండింటికీ నాలుగింటికీ తిప్పినట్టు టిక్కులు పడుతూనే ఉన్నాయి.

ఇవి చూశాక ఎవరికైనా కోపం వస్తుంది. కానీ దొంగ టిక్కులు కేసులో సగమే. నిర్లక్ష్యం వల్లే హాని జరిగిందని, ఒకదాని నుంచి ఒకటి ఎలా వచ్చిందో చూపించాలి, లేకపోతే "ఎలాగూ జరిగేదే" అన్న వాదన గెలుస్తుంది. ఆ గొలుసు నాకు దొరికింది రాత్రి షిఫ్టు నోట్సులో. రెండో నెల మొదట్లో, "అరుస్తోంది, అర్థం లేని మాటలు, సంరక్షణని అడ్డుకుంటోంది" అని వరసగా కొన్ని రాత్రులు రాశారు. ఆ తర్వాత ఆందోళన కోసమని క్వెటియాపిన్ అనే యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టారు, ఇంట్లోవాళ్ళని అడగలేదు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ తరగతి మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) 2005లోనే అన్నిటికంటే తీవ్రమైన బాక్స్ హెచ్చరిక పెట్టింది. అవే రాత్రుల్లో నొప్పి స్కోరు పదికి సున్నా. ఎండీఎస్ తెరిస్తే, ఇష్టపడే భాష తెలుగు, ఇంటర్‌ప్రెటర్ కావాలి: అవును. అలా టిక్కు పెట్టాక చార్టు మొత్తంలో ఒక్కసారి కూడా ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచినట్టు లేదు. మాట చెప్పలేని డిమెన్షియా రోగుల నొప్పిని ముఖం, ఊపిరి, ఒళ్ళు బిగుసుకోవడం చూసి కొలిచే పెయినాడ్ అనే స్కేలు ఉంది, అదీ వాడలేదు.

అంటే, తుంటి నొప్పికి తిప్పబోతే ఆవిడ అరిచింది, చెప్పింది కూడా, తెలుగులో. దాన్ని ప్రవర్తన సమస్యగా రాసి మత్తు మందిచ్చారు. మత్తులో తినలేదు, తాగలేదు, తనంతట తాను కదలలేదు. తిప్పాల్సినవాళ్ళు తిప్పలేదు. మందు మొదలైన తేదీ దగ్గర గీత గీస్తే బరువు అక్కడి నుంచే జారుతుంది. కూతురు "మాట్లాడటం మానేసింది" అన్నది ఆ గీత తర్వాతే. ఆ గీత గీశాక ఇది సాకులతో కొట్టిపారేసే కేసు కాదని తేలిపోయింది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

కుటుంబాలు "కేసు పెట్టాలి" అంటారు, ఒక్కటే దారి ఉన్నట్టు. నిజానికి మూడున్నాయి: నేర విచారణ, రాష్ట్ర శాఖకి ఫిర్యాదు, సివిల్ దావా. ఒక్కో చోట నిరూపించాల్సింది వేరు, దొరికేదీ వేరు.

పోలీసు రిపోర్టు ఇచ్చారు. ఆఫీసర్ మర్యాదగానే విన్నాడు. ప్రాసిక్యూటర్ మాత్రం ఒక వ్యక్తి, ఒక చర్య, నేరంగా నిలబడే మానసిక స్థితి అడుగుతాడు. ఇక్కడ హాని నెలల తరబడి పది చేతుల మీదుగా జరిగింది. ప్రతి రాష్ట్రంలోనూ మెడికెయిడ్ డబ్బు తీసుకునే సంస్థల్లో అబ్యూజ్, నెగ్లెక్ట్ చూసే ఫ్రాడ్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది, అక్కడా ఇచ్చారు, ముందుకు సాగలేదు. కొడుకు దొంగ టిక్కులు పెట్టిన ఎయిడ్ (నర్సుల కింద పనిచేసే సహాయకురాలు) మీద లైసెన్సు ఫిర్యాదు చేద్దామన్నాడు. నేను ముందు పేరోల్ లెక్కలు చూద్దామన్నాను. ప్రతి హోమ్ రోజువారీ సిబ్బంది గంటలు సీఎంఎస్‌కి (మెడికేర్, మెడికెయిడ్ చూసే ఫెడరల్ సంస్థకి) పంపాలి, అవి మూడు నెలలకోసారి బయటికి వస్తాయి, ఎవరైనా దించుకోవచ్చు. ఆ రాత్రుల్లో, ముఖ్యంగా శని ఆదివారాల్లో, ఎయిడ్ గంటలు సగానికి పడిపోయి ఉన్నాయి. అంతమందిని ఒక్క మనిషి రెండు గంటలకోసారి తిప్పడం జరిగే పని కాదు. ఆ టిక్కు అబద్ధమే, కానీ ఆ అబద్ధం అవసరమయ్యేలా రోస్టర్ వేసింది పైవాళ్ళు. ఎయిడ్‌ని బలి చేస్తే హోమ్ "తప్పు చేసినవాళ్ళని తీసేశాం" అని చేతులు దులుపుకుంటుంది. కొడుక్కి ఇది మింగుడుపడలేదు, చివరికి ఒప్పుకున్నాడు.

రెండోసారి రాష్ట్ర శాఖకి ఫిర్యాదు రాసినప్పుడు ఒక్క పేజీ దాటనివ్వలేదు. ఫలానా తేదీ చర్మ పరీక్షలో ఇలా ఉంది, ఫలానా తేదీ నుంచి చికిత్స రికార్డులో ఇలా ఉంది, ఆసుపత్రి ఫొటో ఇది. మందు ఈ తేదీన మొదలైంది, కారణం ఇలా రాశారు, కుటుంబానికి చెప్పినట్టు నమోదు లేదు. విశేషణం ఒక్కటి కూడా లేదు. కూతురు "ఇంత చప్పగా ఉంటే మా బాధ ఎలా తెలుస్తుందండీ?" అంది. బాధ చెప్పుకోడానికి అంబుడ్స్‌మన్ ఉంది. ఆ ఆఫీసు రోగి తరఫునే పనిచేస్తుంది, అనుమతి లేకుండా చెప్పింది బయటపెట్టదు. అక్కడ మనసు విప్పి మాట్లాడొచ్చు, కానీ వాళ్ళకి జరిమానా వేసే అధికారం లేదు. సర్వేయర్‌కి కావాల్సింది వెళ్ళి సరిచూసుకోగలిగే వాక్యాలు. ఈసారి ముందుగా చెప్పకుండా వచ్చారు, ఇతర రోగుల చార్టులూ తీశారు. బెడ్‌సోర్ సంరక్షణ, కుటుంబానికి తెలియజేయకపోవడం, అవసరం లేని సైకోట్రోపిక్ మందు (ఆ క్వెటియాపిన్), మూడింటి మీదా తప్పు పట్టారు. బెడ్‌సోర్‌ది "జి" స్థాయిలో, అంటే నిజంగా హాని జరిగిందని.

మూడోది సివిల్ దావా. లాయర్‌ని వెతకడంలో ఆలస్యం చేయొద్దన్నాను. చాలా రాష్ట్రాల్లో గడువు రెండేళ్ళు, కెంటకీ, టెనెసీ లాంటి చోట్ల ఏడాదే. కొన్ని చోట్ల దావాకి ముందే నిపుణుడి అఫిడవిట్ కావాలి. ఫీజు గెలిస్తేనే, మామూలుగా వచ్చినదాంట్లో మూడో వంతు నుంచి 40 శాతం. లాయర్ మొదటి పని సాక్ష్యం చెరపొద్దని నోటీసు పంపడం. తర్వాత ఎలక్ట్రానిక్ చార్టు ఆడిట్ ట్రయల్ తెప్పించాడు. ఏ ఎంట్రీ ఏ లాగిన్ నుంచి ఏ నిమిషంలో పడిందో అందులో ఉంటుంది. ఒక షిఫ్టు మొత్తం తిప్పుళ్ళు, తెల్లారేముందు రెండు మూడు నిమిషాల వ్యవధిలో వరసగా నొక్కేసి ఉన్నాయి. ప్రింటు తీసిన చార్టులో ఇది కనపడదు. లాయర్‌కి రికార్డులే చాలవని నేను పోరేది ఇందుకే.

హోమ్ వైపు వాదన ఊహించిందే: షుగరు, వయసు, డిమెన్షియా, పుండు తప్పనిది. "తప్పనిది" అన్న మాటకి తనిఖీ మార్గదర్శకాల్లోనే అర్థం రాసి ఉంది. ప్రమాదాన్ని అంచనా వేసి, తగిన చర్యలు పెట్టి, అమలు చేసి, ఫలితం చూసి మార్చుకుంటూ పోయినా వస్తేనే తప్పనిది. అంచనా వేశారు, అక్కడితో ఆగారు. రోగే నిరాకరించిందన్నది రెండో వాదన. ఏ భాషలో అడిగితే నిరాకరించింది అన్న ఒక్క ప్రశ్నతో డిపాజిషన్‌లో (విచారణకి ముందు ప్రమాణం మీద తీసుకునే వాంగ్మూలంలో) అది పక్కకి పోయింది.

అసలు టెన్షన్ పెట్టింది ఆర్బిట్రేషన్ కాగితం, అంటే తగాదా వస్తే కోర్టుకి కాకుండా మధ్యవర్తి దగ్గరికి వెళ్తామన్న ఒప్పందం. చేరిన రోజు కూతురు సంతకం చేసిన కట్టలో అదొకటి. 2019లో వచ్చిన నిబంధన ప్రకారం, ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటామనకూడదు, 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు ఎవరికీ తెలియకుండానే గడిచిపోయాయి. ఆమెకున్నది వైద్య నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీయే కాబట్టి, అమ్మ కోర్టు హక్కుని వదులుకునే అధికారం ఆమెకి లేదని లాయర్ వాదించాడు. దీని మీద రాష్ట్రాల కోర్టులు తలో రకంగా తేల్చాయి, ధీమాగా ఉండటానికి లేదు. 2023లో సుప్రీంకోర్టు టాలెవ్‌స్కీ కేసులో రోగుల ఫెడరల్ హక్కుల మీద నేరుగా దావా వేయొచ్చని చెప్పింది కదా అని కొడుకు చదువుకుని వచ్చాడు. అది ప్రభుత్వం నడిపే హోమ్‌లకి, ఇది ప్రైవేటుది, పనికిరాదు. జడ్జి ఆర్బిట్రేషన్ సంగతి తేల్చకముందే హోమ్ రాజీకి వచ్చింది. ఆడిట్ ట్రయల్ చూశాకే వచ్చిందని నా నమ్మకం.

డబ్బు వచ్చాక

ఇది చాలామంది రాయరు. రాజీ సొమ్ములోంచి ఆ గాయానికి ఖర్చు పెట్టిన మెడికేర్, మెడికెయిడ్ తమ వాటా తిరిగి తీసుకుంటాయి. మిగిలింది ఆవిడ ఖాతాలో పడితే మెడికెయిడ్ అర్హత పోవచ్చు. ఒంటరి వ్యక్తికి చాలా రాష్ట్రాల్లో ఆస్తి పరిమితి 2,000 డాలర్లే. ట్రస్టు లాంటి ఏర్పాట్లు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, అందుకే రాజీ కాగితం మీద సంతకానికి ముందే ఎల్డర్ లా లాయర్‌ని (వృద్ధుల విషయాలు చూసే లాయర్‌ని) కూర్చోబెట్టాం.

పెద్దావిడ కొత్త చోట క్వెటియాపిన్ ఆపాక కొన్ని వారాల్లో మళ్ళీ మాట్లాడింది. పుండు మూసుకోవడానికి ఏడాది దగ్గర పట్టింది. అక్కడ కేర్ ప్లాన్ మీటింగ్‌లో కూతురు పెట్టిన మొదటి షరతు ఫోన్ ఇంటర్‌ప్రెటర్. రెండోది, వారానికోసారి బరువు తనకి మెసేజ్ చేయాలని. ఏం చెప్పాలన్నా ఈమెయిల్‌లోనే చెబుతుంది, నోటితో చెప్పినా ఇంటికెళ్ళి "ఇందాక మనం అనుకున్నది" అని రెండు లైన్లు పంపుతుంది. స్వీట్లు ఇప్పటికీ తీసుకెళ్తుంది, వాళ్ళూ మనుషులేగా అంటుంది.

రాజీలో మొత్తం ఎంతో, ఎవరితోనో బయటపెట్టకూడదన్న షరతు ఉంది. తనిఖీ రిపోర్టుకి మాత్రం ఆ షరతు అంటదు. తనిఖీలో పట్టిన తప్పులు రాసే 2567 ఫారం మీద ఆ మూడు తప్పులూ తేదీలతో సహా నమోదయ్యాయి. మా అమ్మని అక్కడ చేర్చొచ్చా అని ఎవరైనా అడిగితే ఆ ఫారం చదవమనే చెబుతాను.